స్థూలకాయము – శిక్షకుని సాహచర్యము



కుర్చీలో కూర్చుండి చేయు ఉద్యోగము దేహమునకేమి చేయునో లెక్కగట్టి చూపినవారిలో లండను వైద్యశాస్త్రజ్ఞుడు జెరీ మారిస్ ముఖ్యుడు. ఆ నగరపు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని గూర్చి ఆయనయు ఆయన సహచరులును 1953లో ప్రకటించిన పరిశోధన నేటికిని ప్రసిద్ధము. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్ల కొరకు వందలకొలది మెట్లెక్కును. సంస్థ ఒకటే, బస్సు ఒకటే. అయినను గుండెజబ్బు కండక్టర్లకంటె డ్రైవర్లకు హెచ్చుగా వచ్చినది. తపాలాశాఖలోను అంతే: వీధులు తిరిగి ఉత్తరములు పంచువారికంటె బల్లకడ కూర్చుండు గుమాస్తాలకే ముప్పు హెచ్చు. ఆ బృందమే 1956లో సంస్థవారు కుట్టించి ఇచ్చు దుస్తుల కొలతలు తిరుగవేసి చూడగా, డ్రైవర్ల నడుము చుట్టుకొలత చిన్నవయస్సు వారిలో సైతము పెద్దదిగా కనబడెను. కనుక దోషమంతయు కుర్చీదే యనుటకు వీలులేదు. దర్జీవాని కొలతల పుస్తకము వైద్యగ్రంథము కాగలదని మాత్రము తేలినది.

భారతీయుల దేహమునకు మరియొక చిక్కు కలదు. పైకి బక్కగా నున్నవారికిని పొట్టలో క్రొవ్వు చేరుట, తక్కువ బరువునకే మధుమేహము పట్టుట ఇచ్చట సర్వసాధారణము. అందుచేతనే 2009లో ఈ దేశపు వైద్యనిపుణులు తూకపు హద్దులను తగ్గించిరి. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుచేత రెండుమారులు భాగింపగా వచ్చు అంకె 23 అయినచో అధికభారము, 25 అయినచో స్థూలకాయము. అయిదడుగుల అయిదంగుళముల మనిషి 68 కిలోలు దాటినంతనే ఈ రెండవ తరగతిలో చేరును! పురుషునకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 హద్దు. సెక్రటేరియట్ కారిడారులో కొలబద్ద పట్టుకొని నిలుచున్నచో ఎందరు హద్దులోపల ఉందురో ఊహించుట కష్టము కాదు.

ఇది ఎరుగనివారెవరు? ఎరుకకు కొరతలేదు. నలుబది అయిదేండ్ల సెక్షన్ ఆఫీసరు జనవరిలో నడక ప్రారంభించును. వారము తిరుగకుండ ఢిల్లీ పొగమంచు దిగును. అది తొలగునప్పటికి పార్లమెంటు సమావేశములు, రాత్రి తొమ్మిది వరకు ప్రశ్నలకు సమాధానములు. మార్చి నెలాఖరునకు నడకజోళ్లు మంచము క్రిందికి చేరును. ఇందులో సోమరితనము కొంత యున్నను, అడుగువాడు లేకపోవుటయే అధికము. ఆఫీసులో ఆలస్యమైన ఫైలునకు జ్ఞాపిక వచ్చును. ఆలస్యమైన నడకకు జ్ఞాపిక పంపువాడెవడు?

వ్యక్తిగత శిక్షకుని ప్రయోజనము ఇచ్చటనే యున్నది. మంచి శిక్షకుడు మొదటిదినముననే బరువులెత్తింపడు. రక్తపుపోటు, చక్కెర, మోకాళ్ల స్థితి అడుగును. వైద్యుని అనుమతి తెమ్మనును. పిదప తిన్నదెల్ల ఒక చిన్న పుస్తకములో వ్రాయించును. ఆ పుస్తకము చేదుమందు. కిలో క్రొవ్వులో సుమారు 7,700 కేలరీలుండును. గంటసేపు వడిగా నడచినచో కరగునది 250, 300 మాత్రమే. ఆఫీసు కాంటీనులో ఒక సమోసా, తీపి టీ రెండు కప్పులు పుచ్చుకొన్నచో ఆ నడక లెక్క అక్కడికి సరి. నడక ఒక్కటియే చాలదనియు, అన్నము రెండవమారు వడ్డించుకొనుట, ఆవకాయమీద నెయ్యి ధారగా పోసికొనుట ఆపవలెననియు అప్పుడు బోధపడును. తిండి తగ్గించునప్పుడు కండ కరగిపోకుండుటకు వారమునకు రెండు మూడు మారులు బరువుల వ్యాయామము కూడ వలయును. మంచు దినములలో బయటి నడకకు మారుగా మేడమెట్లు ఎక్కించుటయు శిక్షకుని పనియే.

ఈ తోడుకు ఫలమెంత? అమెరికాలో 3,234 మందిపై జరిగిన మధుమేహ నివారణ పరిశోధన ఫలితములు 2002లో వెలువడెను. అందొక వర్గమువారికి ఒక్కొక్కరికి ఒక శిక్షకుని నియమించి, మొదటి 24 వారములలో 16 పాఠములు చెప్పించిరి. వారమునకు 150 నిమిషముల శ్రమ, శరీరభారములో నూటికి 7 వంతులు తగ్గుట లక్ష్యములు. ఎవరైనను ఎక్కడనైనను చిక్కుపడినచో వంటపుస్తకము కొనియిచ్చుటకు, వ్యాయామతరగతి రుసుము కట్టుటకు శిక్షకునిచేతికి కొంత పైకమిచ్చిరి. మధుమేహము నూటికి 58 పాళ్లు తగ్గినది. మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడినవారిలో తగ్గినది 31 పాళ్లే. పదియేండ్లకు చూడగా పలువురికి బరువు తిరిగివచ్చినను, మధుమేహము మాత్రము 34 పాళ్లు తక్కువగానే యుండెను.

చెన్నైలో డాక్టరు రామచంద్రన్, ఆయన సహచరులు 531 మందిపై చేసి 2006లో ప్రకటించిన పరిశోధన ఇంతకంటె ఆసక్తికరము. నడక, ఆహారనియమము పాటించినవారిలో వ్యాధి 28.5 పాళ్లు తగ్గినది గాని వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గలేదు! కావున తూకపుముల్లు కదలలేదని నిరాశపడి మానివేయువాడు గెలుచుచున్న వ్యాజ్యమును ఉపసంహరించుకొన్న వానితో సమానుడు. ఆ వైద్యబృందమే 2013లో మరియొక వింత చూపెను. 537 మంది పురుషులలో ఒక వర్గమునకు సెల్‌ఫోనులో తరచు హెచ్చరికలు పంపగా, రెండేండ్లలో ఆ వర్గమున మధుమేహము నూటికి 18 మందికి వచ్చినది. పంపనివారిలో 27 మందికి.

తెలుగునాట ఈ గురుత్వము క్రొత్తది కాదు. తాలింఖానాలో ఉస్తాదు, గోదాలో గురువు పిల్లవాని తిండిని, నిద్రను కనిపెట్టియే యుండిరి. వీరఘట్టమున పుట్టి విజయనగరమున పినతండ్రి చెంత పెరిగిన కోడి రామమూర్తినాయుడు ఛాతీతో ఇనుపగొలుసులు తెంచుటకు ముందు వ్యాయామోపాధ్యాయుడే. అయితే ఆ విద్య పడుచువారిది. పొట్టపెరిగిన గృహస్థుని ఆదరించు గోదా అరుదుగా ఉండెను.

నెలకు పదికిలోలు తగ్గింతునని పలుకు శిక్షకుని గడప త్రొక్కరాదు. వారమునకు అరకిలో, మించినచో కిలో, అదియే మర్యాద. పేరు తెలియని పొడులు, సూదిమందులు అమ్మజూపువాడు శిక్షకుడు కాడు, వర్తకుడు. ఇన్సులిను గాని చక్కెరమాత్రలు గాని వాడువారు డాక్టరుతో చెప్పకుండ భోజనము తగ్గించినచో స్పృహతప్పు ప్రమాదము గలదు.

గృహిణి మాట సాధారణముగా మరుగున పడును. భర్తకు శిక్షకుని కుదిర్చి, ఆయనకు వేరుగా జొన్నరొట్టె చేసి, మిగిలిన అన్నము పారవేయ మనసొప్పక తాను తిను ఇల్లాలి నడుమును ఎవరును కొలువరు. శిక్షకుడు మాటలాడవలసినది ముందుగా వంటయింటితోనే. కూరలు, పప్పు పాలు పెంచి అన్నము పాలు తగ్గించుటకు ఆమె సమ్మతింపక ఏ నియమమును సాగదు. ఖర్చు భారమనువారు నాలుగు కుటుంబములు కలిసి ఒక శిక్షకుని కుదుర్చుకొనవచ్చును. కాలనీ సమాజసదనము తెల్లవారుజామున తరచుగా ఖాళీయే. ఆఫీసువేళ అయిదు నిమిషముల యోగవిరామమును ప్రభుత్వమే 2021లో ప్రోత్సహించినది; దానిని వాడుకొనువారు కొద్దిమంది. మొదటినెలలో వ్రాసికొనవలసినవి నాలుగే: నడుము కొలత, రక్తపుపోటు, పరగడుపు చక్కెర, ఆగకుండ ఎక్కగల అంతస్తులు. బరువు అయిదవది.