కత్తి పదును - మన బాధ్యత
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో చదువుల గురించో, ఉద్యోగాల గురించో మాట్లాడటం ఆనవాయితీ. మేము కత్తి గురించి నాలుగు మాటలు చెప్పడానికి నిలబడ్డాం. నవ్వకండి. దానికి కారణం ఉంది.

కొన్నేళ్ల క్రితం బక్రీద్ ముందురోజు మా ఇంటి ఖుర్బానీ కత్తిని సాన పట్టించాం. కరెంటు చక్రం మీద నీళ్లు లేకుండా, నిప్పురవ్వలు ఎగిరేలా పట్టారు. కత్తి అద్దంలా మెరిసింది. అంచు వెంబడి ఓ నీలిరంగు చార కనబడితే అదేదో సింగారం అనుకున్నాం. మర్నాడు మొదటి మేక దగ్గరే పదును పోయింది. ఆ మూగజీవి ఎంత బాధపడిందో చూసినవాళ్లం మేము. కత్తికి బాగా పదును పెట్టుకుని జంతువుకు బాధ తగ్గించమని మన ప్రవక్తవారు (స) చెప్పారు. ఆ మాట తెలిసీ మేము తప్పు చేశాం. ఆ తర్వాతే ఈ సంగతులు అడిగి తెలుసుకున్నాం.

ఇనుములో కర్బనం ఎంత ఉందన్నదే అసలు విషయం. మామూలు మెత్తని ఇనుములో అది సుమారు 0.2 శాతం. ఎంత నూరినా దాని అంచు నిలవదు, మడతపడుతుంది. మన కమ్మర్లు కత్తులకు వాడే లారీ కమాను పట్టీలో 0.6 శాతం దాకా ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి, ముంచి చల్లార్చితే గట్టిపడుతుంది. మళ్లీ కాస్త వేడి చేస్తే పెళుసుదనం తగ్గుతుంది. కానీ అదే కత్తి సాన చక్రం మీద 300 డిగ్రీల దాకా వేడెక్కితే నీలిరంగు తిరిగి, అంచు మెత్తబడిపోతుంది. మా కత్తికి జరిగింది అదే.

ఈ విద్య మనవాళ్లకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మన దేశపు ఉక్కును ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు పరీక్షించి 1819లో వ్యాసం రాశాడు.

ఇక అంచు సంగతి. నున్నగా ఉంటే చాలు, బాగా తెగుతుందనుకుంటాం. అది సగమే నిజం. మంగలి కత్తి నున్నగానే ఉండాలి. తోలు పట్టీ మీద రుద్దేది అందుకే. కానీ టమాటా తొక్క మీదా, కొల్లేటి కొర్రమేను చర్మం మీదా మరీ నున్నటి అంచు జారుతుంది. సన్నటి గరుకు ఉంటే కరుచుకుంటుంది. బొచ్చె తల నరకడానికి అంచు మందంగా ఉండాలి. ఆ పనికి పల్చటి కూరగాయల కత్తి వాడితే పెచ్చు ఊడుతుంది. మన ఏలూరు తివాచీ నేతగాళ్లను చూడండి. ముడి వేసిన ఉన్ని కొసను కత్తితో ఒక్క వేటున తెంపుతారు. కత్తి మొండిదైతే ఉన్ని తెగదు, పీక్కొస్తుంది.

ఇళ్లలో చేయాల్సింది పెద్ద పనేం కాదు. సానరాయిని నీళ్లతో తడపాలి. కత్తి వెడల్పు నాలుగు సెంటీమీటర్లయితే, వీపును ఒక సెంటీమీటరు ఎత్తి పట్టండి. సుమారు 15 డిగ్రీల వాలు వస్తుంది. చివరిదాకా అదే వాలులో, రెండు పక్కలా సమంగా నూరాలి. ఒక పక్క నూరితే రెండో పక్కకు సన్నటి ఇనప రేకు తిరుగుతుంది. వేలితో అంచుకు అడ్డంగా మెల్లగా తడిమితే తెలుస్తుంది. అది పోయేదాకా చేయి తేలిక చేసి అటూ ఇటూ మార్చి రుద్దాలి. ఆ రేకు ఉండగానే పదునైందని వదిలేస్తే నాలుగు ఉల్లిపాయలకే మొండిబారుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం పదిన్నర శాతానికి తగ్గదు, కాబట్టి త్వరగా తుప్పు పట్టదు. మామూలు ఉక్కు కత్తి తాడేపల్లిగూడెం మార్కెట్టు ఉల్లిపాయ కోసినా నల్లబడుతుంది, చింతపండు పులుపు తగిలినా అంతే. పని కాగానే కడిగి, తుడిచి, చుక్క నూనె రాస్తే తరాలు వస్తుంది. మా ఫూఫీ కత్తిపీట అలాగే ఇవాళ్టికీ పనిచేస్తోంది.

మొండి కత్తే చెయ్యి ఎక్కువగా కోస్తుందని ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తెగకపోతే బలం పెడతాం, బలం పెడితే జారుతుంది.

చివరగా ఒక మనవి. బక్రీద్‌కు వారం ముందే మన సంఘం తరఫున ఓ తడి సానరాయిని, పని తెలిసిన ఓ మనిషిని ఏర్పాటు చేద్దాం. ఇంటింటి కత్తీ అక్కడికి రావాలి. అదీ జంతువుల కళ్లెదుట కాకుండా, దూరంగా. పెద్ద ఖర్చు కాదు. మేము చూసిన ఆ బాధ మరో ఇంటి ముంగిట జరగకుండా ఉంటే అంతకన్నా ఏం కావాలి!