మాస్టారి గ్లోబు, దాని మీద దారం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చాను. నిన్నటి నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే. "ఎంత దూరంరా? ఎన్ని గంటలు పట్టింది?" ఆ లెక్క మొదట నేర్చుకున్నది ఈ బడిలోనే.

ఎనిమిదో తరగతిలో సోషల్ మాస్టారు గోడ మీది ప్రపంచ పటం చూపించి, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గరి దారి ఏదన్నారు. నేను బెత్తంతో అట్లాంటిక్ సముద్రం మీదుగా అడ్డంగా చూపించాను. మాస్టారు నవ్వి, గ్లోబు తెప్పించి, రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకున్నారు. దారం జారి ఉత్తర ధ్రువం దగ్గరికి వెళ్లింది! "భూమి గుండ్రం కదురా, పటాన్ని నమ్మి మోసపోకు" అన్నారు. ఆ దారం దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కాబట్టి, ఏ రెండు ఊళ్ల మధ్యా 20,000కు మించి దూరం ఉండదని కూడా ఆ రోజే చెప్పారు.

అయితే దూరం తక్కువైతే సమయమూ తక్కువేనా? కాదు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిరిండియా విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. 2016 అక్టోబరులో దారి మార్చి, పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు ఎగిరింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా పద్నాలుగున్నర గంటల్లో, పాత దారి కంటే ముందే చేరింది. కారణం గాలి. పైన జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. పాత దారిలో అది ఎదురుగాలి, కొత్త దారిలో వెనక నుంచి తోసే గాలి. తిరుగు ప్రయాణం మాత్రం ఎప్పటిలాగే అట్లాంటిక్ మీదుగా. అంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తూర్పుకే!

ఈ లెక్కలన్నీ తెలిసిన నేను ఒక లెక్క తప్పాను. 2018లో నాన్నకు బాగోలేదని తమ్ముడు ఫోన్ చేశాడు. ఆఫీసులో చేతిలో ఉన్న పని ముగించి బయలుదేరుదామని రెండు రోజులు ఆగాను. విమానాలు వేళకే నడిచాయి, ఎక్కడా ఆలస్యం కాలేదు. నేను ఇల్లు చేరేసరికి నాన్న లేరు. ముందు రోజు సాయంత్రం దాకా గుమ్మం వైపే చూశారని అమ్మ చెప్పింది.

మిత్రులారా, నిన్న హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కూడా "ఊరికి వచ్చి పదేళ్లయింది" అన్నారు. వాళ్లకు పట్టింది ఒక పూట ప్రయాణమే. మనకు అడ్డం వచ్చేది కిలోమీటర్లు కావు, బయలుదేరకపోవడం.

మాస్టారు ఇక్కడే ముందు వరసలో కూర్చున్నారు. మాస్టారూ, ఈ సభ కబురు అందిన రోజే టికెట్ కొన్నాను. ఈసారి ఆగలేదండీ.

సెలవు.