వెలుతురు ఎటునుంచి పడుతోంది

వినబడుతోంది కదండీ? మీకక్కడ శనివారం రాత్రి. ఇక్కడ రాజమండ్రిలో ఆదివారం తెల్లారింది, మా ఇంట్లో ఇంకా కాఫీ దిగలేదు.

నాటకాల అవార్డుల గురించి మాట్లాడమన్నారు. నేను రచయితనీ కాను, నటుణ్ణీ కాను. నలభై ఏళ్లుగా లైట్లు వేస్తున్నాను. టీవీలో అవార్డుల కార్యక్రమం వస్తే బహుమతి ఎవరికొచ్చిందన్నది నాకు తర్వాత సంగతి. వాళ్ల మొహం మీద వెలుతురు ఎటునుంచి పడుతోందో ముందు చూస్తాను. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, ఏం చేస్తామండీ.

2023 డిసెంబరులో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నంది నాటకోత్సవాలు జరిగాయి. కొన్నేళ్ల ఎడం తర్వాత మళ్లీ వచ్చాయని మా నాటకాల వాళ్లందరికీ పండగ. పద్య నాటకాలు, సాంఘిక నాటకాలు, నాటికలు, బాలలవి, కాలేజీ పిల్లలవి వారం రోజులు ఆడారు. ఇంట్లో కూర్చుని టీవీలో నేను చూసిందల్లా శాలువాలు, జ్ఞాపికలు, గ్రూపు ఫొటో. మధ్యలో నాటకాల్లోంచి అర నిమిషం చొప్పున ముక్కలు. ఆ ముక్కలైనా చూడముచ్చటగా ఉండవు. ఎందుకో మాలాంటివాళ్లకి తెలుసు.

రంగస్థలం మీద చీకటి కూడా మేం వేసేదేనండి. కెమెరాకి ఆ చీకటి గిట్టదు. చాలా ఏళ్ల కిందట ఓ ఛానెల్ వాళ్లు, పేరెందుకు లెండి, బహుమతి వచ్చిన మా నాటికని రికార్డు చేశారు. వరదలో పడవెక్కి వెళ్లిన కొడుకు కోసం తల్లి లాంతరు పట్టుకుని గట్టున నుంచునే సీను. లాంతరు ఎత్తులో పక్కనుంచి ఒకే ఒక్క స్పాటు, దానికి పసుపు జిలెటిన్ పేపరు. వెనక తెర మీద గోదారికి నీలం, అదీ ఉందా లేదా అన్నంత. కెమెరామన్ వచ్చి, "మాస్టారూ, ఏం కనబడట్లేదు, అన్నీ వేసెయ్యండి" అన్నాడు. వేసేశాను. గోదారి పోయి అతుకుల దుప్పటి మిగిలింది. ఆ నాటికకే నాకూ లైటింగుకి బహుమతి వచ్చింది. తర్వాత టీవీలో వేస్తే ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. నా పేరు పిలిచే చోటికి సబ్బు ప్రకటన వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ సబ్బు కొనదు.

ఈ చీకటీ వెలుతురూ నాకు నేర్పిన మా గురువుగారు పల్లెటూళ్లలో ఉప్పునీళ్ల డిమ్మర్లతో పనిచేసిన మనిషి. కుండలో ఉప్పునీళ్లు, అడుగున ఒక రేకు, పైన తాడుకి కట్టిన ఇంకో రేకు. తాడు వదులుతుంటే రెండు రేకులూ దగ్గరై దీపం పెరుగుతుంది, లాగితే సన్నగిల్లుతుంది. చెయ్యి తడిగా ఉంటే షాకు. అలాగే తెల్లవార్లూ తెల్లారడం చూపించేవారాయన.

అవార్డులు టీవీలో చూపించే విషయంలో అమెరికా వాళ్లు మనకంటే నయం అనుకునేవాణ్ణి. అక్కడ నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 1947లో మొదలయ్యాయి. 1967 నుంచి దేశమంతటికీ టీవీలో చూపిస్తున్నారు. అంత పెద్ద సంబరంలోనూ సౌండ్ డిజైన్ వాళ్ల బహుమతిని 2014లో ఎత్తేశారండి! ఓటేసేవాళ్లలో చాలామందికి దాని మంచిచెడ్డలు తెలియవన్న మాట అప్పట్లో వినబడింది. ఆ పనివాళ్లు ఊరుకోలేదు, సంతకాలు పెట్టారు, అడిగారు. 2018లో మళ్లీ ఇచ్చారు. ఆ ఏడాది 'ది బ్యాండ్స్ విజిట్' అనే సంగీత నాటకానికి 10 టోనీలు వచ్చాయి, అందులో లైటింగుదీ సౌండుదీ ఉన్నాయి. ఎడారిలో దారితప్పి ఓ చిన్న ఊళ్లో ఒక రాత్రి గడిపిన పోలీసు బ్యాండు కథ అది. అరుపుల్లేని నాటకం. అలాంటిదాన్ని నిలబెట్టేది దీపమూ శబ్దమూనే. అయినా అక్కడా తెరవెనక పనివాళ్ల బహుమతులు చాలావరకు ప్రకటనల టైములోనో, అసలు కార్యక్రమానికి ముందో ఇచ్చేస్తారు. అది తెలిశాక మా ఆవిడకి సబ్బు మీద కోపం కొంచెం తగ్గింది.

తెరవెనక వాళ్లని మరవడం మనకీ కొత్త కాదు. కందుకూరి వీరేశలింగంగారు 1880లో మా ఊళ్లోనే తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' వేయించారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తున్నాం. రాసినాయన పేరు అందరికీ తెలుసు, ఆడింది విద్యార్థులని పుస్తకాల్లో ఉంది. ఆ రాత్రి వత్తి ఎగదోసినవాడి పేరు మాత్రం నాకెక్కడా దొరకలేదు.

మీ ఊళ్లలో ఉగాదికీ దీపావళికీ నాటికలు వేస్తారని విన్నాను. ఆహ్వాన పత్రికలో లైట్లు వేసినవాళ్ల పేరూ, సౌండు చూసినవాళ్ల పేరూ కూడా వెయ్యండి. ఒక్క వరసే కదండీ పట్టేది. వీడియో తీసేవాళ్లు వచ్చి "అన్నీ వేసెయ్యండి" అంటే మటుకు వెయ్యకండి. ఉంటానండి, కాఫీకి పిలుస్తున్నారు.