మన ఇల్లే ఎందుకు?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాళ్ళం. ఉపన్యాసాలు మాకు అలవాటు లేదు. అయినా 2019లో మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెప్పక తప్పదు.

ఆ ఏడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు వచ్చారు. పక్కింటి చాచా గాభరాగా, "ఇన్ని ఇళ్ళుండగా మన ఇల్లే ఎందుకు మాస్టారూ? పేర్లు చూసి వచ్చారా ఏమిటి?" అన్నారు. మతం, కులం కూడా రాసుకుంటారని విని మేమూ జంకాము. తలుపు తీయవద్దని చెప్పింది మేమే.

తరువాత చదివితే గాని తెలియలేదు. కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున ముంబైలోని జనాభా శాస్త్రాల సంస్థ 1992-93 నుంచి విడతలుగా నడుపుతున్న సర్వే అది. ఆ విడతకు 2011 జనాభా లెక్కల జాబితాలోంచి ఊళ్ళను, పట్టణాల్లోనైతే బ్లాకులను ఎన్నుకున్నారు. పెద్ద ఊరికి అవకాశం ఎక్కువ. ఆపైన అక్కడ ఇల్లిల్లూ తిరిగి, పటం గీసి, వరుస నంబర్లు వేసి, వాటిలో 22 ఇళ్ళు తీస్తారు. మన హాజరుపట్టీ అనుకోండి. 132 నంబర్లున్నాయి. చీటీలో మొదట 4 వచ్చిందా, ఇక 4, 10, 16 అంటూ ఆరేసి చొప్పున పోవడమే. ఇందులో పేరు చూసేదెవరు?

ఆ ఇంట 15-49 ఏళ్ళ ఆడవాళ్ళందరినీ అడుగుతారు. ముందురాత్రి అక్కడ పడుకుంటే చాలు, పురుటికి పుట్టింటికొచ్చిన కూతురూ లెక్కే. (మగవాళ్ళను కొన్ని ఇళ్ళలోనే అడుగుతారు. మన మాటకు అంత గిరాకీ లేదు మరి!) ఇష్టం లేకపోతే వద్దనవచ్చు, బలవంతమేమీ లేదు. పత్తి తీతకు పోయి తాళం వేసుంటే మళ్ళీ వస్తారు.

అయితే వద్దన్న ఇంటికి బదులు పక్కిల్లు తీసుకోరు. అలా తీసుకుంటూ పోతే తీరిగ్గా ఇంటిపట్టున ఉండేవాళ్ళే లెక్కకెక్కుతారు, మిరపకోతకు పోయేవాళ్ళు జారిపోతారు. దేశం మొత్తంమీద ఆ విడతలో 6,36,699 ఇళ్ళు. అంటే ఒక్కో ఇల్లు కొన్ని వందల ఇళ్ళ తరఫున జవాబు చెప్పినట్టు.

చాచా కోడలు మిరపకోతలకు పోతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వేలికొన నుంచి చుక్క నెత్తురు తీసి, రక్తం తక్కువుందో లేదో అక్కడికక్కడే చెప్పే పరీక్ష ఆ రోజు ఆమె గడప దాకా వచ్చి మా మాట మీద వెనక్కి పోయింది. మొన్న చాచా అరుగు మీద కూర్చుని ఈ నంబర్ల సంగతంతా చెప్పాము. ఆయన విని, "ముందే చెప్పకపోతిరి మాస్టారూ" అన్నారు.