మెడ ఆపరేషన్ తర్వాత: ఇంట్లోవాళ్లకు నాలుగు మాటలు

మెడలో జారిన డిస్క్ తీసి, ఎముకలను ప్లేటుతో బిగించే ఆపరేషన్ నాకు అయింది. చేతిలోకి లాగే నొప్పి చాలామందికి త్వరగానే తగ్గుతుంది. తిమ్మిరి, పట్టు సడలడం అలా కాదు. నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొంత మిగిలిపోవచ్చు కూడా. చొక్కా గుండీలు పెట్టుకోవడం నాకు 5వ నెలకు గానీ రాలేదు. వెన్నుపామే నలిగి ఉంటే, ఆపరేషన్ మొదటి లక్ష్యం ఇంకా చెడకుండా ఆపడం. ఇది ముందే తెలియకపోతే “లక్షలు పోశాం, ఇంకా ఇదేనా?” అంటారు. ఆ మాట నొప్పి కంటే ఎక్కువ బాధిస్తుంది.

గొంతు వైపు నుంచి చేస్తే కొన్నాళ్లు మింగడం కష్టం. అన్నం మెత్తగా కలిపి పెట్టండి. ఎముక అతకడానికి నెలలు పడుతుంది. పొగ తాగితే ఇంకా ఆలస్యం. కౌంటర్‌లో ఎప్పుడు కూర్చోవాలో చెప్పాల్సింది డాక్టరే, మేనేజరు కాదు! ఊపిరి ఆడకపోయినా, కాళ్లు తూలినా, మూత్రం పట్టు తప్పినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.