శీతకాలమున అరకు: దంపతుల యాత్ర

మన యిండ్లలో ఆలుమగలు కలసి చేయు ప్రయాణములు తక్కువేమియు కావు. బంధువుల పెండ్లికి పోవుదురు. తిరుపతికి మ్రొక్కు చెల్లింప పోవుదురు. కాని వెంట పిల్లలుందురు, పెద్దలుందురు, మూటలుండును. ఇరువది యేండ్లు కాపురము చేసిన దంపతులను, ఏ పనియు లేక ఇద్దరే రెండు దినములు గడపిన సందర్భ మొకటి చెప్పుమన్నచో పలువురు ఆలోచనలో పడుదురు. అట్టివారు మార్గశిర పుష్య మాసములలో ఒకమారు అరకులోయకు పోవలసినదని నా మనవి.

విశాఖపట్టణమున ఉదయము కిరండూలు బండి యెక్కినచో సుమారు 4 గంటలలో అరకు చేరవచ్చును. బైలడిలా గనుల యినుపరాతిని రేవునకు చేర్చి జపానునకు పంపుటకై 1960 దశకమున వేసిన మార్గమిది. సొరంగము వెంట సొరంగము వచ్చును. 2017లో ఈ బండికి అద్దాల పెట్టె యొకటి తగిలించిరి. నా మట్టుకు సాధారణపు పెట్టెయే మేలు. అద్దాల పెట్టెలో అందరును బయటికే చూతురు. ఇక్కడ కిటికీ ప్రక్కన ఎదురెదురుగా కూర్చుండవచ్చును. త్రోవలోని బొఱ్ఱా గుహలు చూడదగినవే, కాని జనసమ్మర్ద మధికము.

అచటి మంచును గూర్చి కొంత చెప్పవలెను. వేయి మీటర్ల యెత్తునకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గును. అరకు సుమారు 900 మీటర్ల యెత్తున ఉన్నది. అంతమాత్రమే కారణము కాదు. హేమంతమున రాత్రులు దీర్ఘములు, ఆకాశము నిర్మలము. పగలు పుచ్చుకొన్న వేడిని నేల రాత్రి యంతయు విడిచిపెట్టును. చల్లబడిన గాలి బరువెక్కి, వాలుల వెంట నీరువలె జారి లోయ యడుగున నిలుచును. అందలి తేమయే వేకువను పొగమంచగును. లంబసింగి చెంత చెరువులవేనము కొండను జనులు చీకటితోనే యెక్కునది ఈ మంచు సముద్రమును పైనుండి చూచుటకే.

లోయలో బస చేసినవారు మాత్రము ఏమియు కనబడలేదని విసుగుకొందురు. కనబడని ఆ రెండు గంటలే ఈ యాత్రకు ఫలమని నేననుకొందును. ఎదుట పది యడుగులు కానరావు. ఫోటో రాదు. చేతిలో వేడి కాఫీ తప్ప వేరు పని లేదు. ఏనాడో అడుగవలసిన మాట అప్పుడు నోటికి వచ్చును. “పెండ్లితో నీ చదువు ఆగిపోయినదే, నీకు కష్టము తోచలేదా?” అని భర్త అడుగవచ్చును. ఆమె వెంటనే బదులు చెప్పకపోవచ్చును. తొందరపెట్టరాదు. ఆ మౌనమునకు ఇంటివద్ద తావులేదు. అక్కడ వంటయింటి నుండియో వీధి నుండియో ఎవరో ఒకరు పిలుతురు.

మంచు విడిన పిదప పసుపుపచ్చని వలిసె చేలు కనబడును. అది నూనెగింజల పంట, గిరిజన రైతుల జీవనము. ఫోటోలకై చేనిలో దిగి త్రొక్కువారిని చూచిన కోపము వచ్చును. గట్టుమీద నిలువవలెను, రైతు రుసుమడిగినచో బేరమాడక ఈయవలెను. అనంతగిరి తోటలలో సిల్వరు ఓకు చెట్ల నీడన ఎఱ్ఱని కాఫీపండ్లు కోయు కాలము కూడ ఇదియే.

శని ఆదివారములు, సంవత్సరాంతపు దినములు విడిచి గది కుదుర్చుకొనుడు. ఉన్ని దుస్తులుగాక దుప్పటి యొకటి అదనముగా పెట్టుకొనుడు. తెల్లవారుజామున వాకిట కూర్చుండుటకు అది కావలసియుండును.