బట్టమేకయు నేలనెమలియు



మన కర్నూలు సీమ మెట్టభూములలో బట్టమేక యనునొక పక్షియు, నేలనెమలి యనునొక పక్షియు గలవని మీరు వినియే యుందురు. మొదటిది మేక కాదు. రెండవది నెమలి కాదు. రెండును ఒకే కుటుంబమునకు జెందిన గడ్డిభూముల పక్షులు. ఈ జ్ఞాతుల భేదమెట్టిదో, వీనికి ముప్పేల వాటిల్లెనో మనవి చేసెదను.

బట్టమేక పోతు సుమారొక గజము ఎత్తుండి, 15 కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో నింత బరువైనవి లోకమున నరుదు. నేలనెమలి కోడిపెట్ట పాటిది; కిలోకు లోపే తూగును. బట్టమేకలలో పోతు పెద్దది, నేలనెమళ్ళలో పెట్ట పెద్దది. జతకట్టు కాలమున బట్టమేక పోతు మెడతిత్తి నుబ్బించి గంభీరముగా మ్రోయును. నేలనెమలి పోతు వానకాలమున గడ్డిపైకి నిట్టనిలువున నెగిరి దిగుచు, దినమునకు కొన్ని వందల మారులు తన యునికిని చాటును.

ఆపదకు మూలము గూడ ఇచ్చటనే కలదు. బట్టమేక సాధారణముగా ఏటికొక్క గ్రుడ్డును వట్టి నేలపై పెట్టును. కుక్కయో, గొఱ్ఱెల మందయో దానిని చెఱచెనా, ఆ యేటి సంతానము లేనట్లే. నేలనెమలి మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును గాని, ఎగిరి యెగిరి వేటగానికి తన చోటు తానే చూపును.

నందికొట్కూరు ప్రాంతమున రోళ్ళపాడు వద్ద 1988లో ప్రభుత్వము సుమారు 614 హెక్టారులను అభయారణ్యముగా నేర్పఱచెను. 2022 నుండి ఆ యూరు నంద్యాల జిల్లాలోనిది. కంచెలోని గడ్డి నిలిచెను. చుట్టునున్న బీళ్ళు దున్నబడెను. బట్టమేక కంచె నెఱుగదు. బీడును, జొన్నచేనును గలిసినదే దాని యిల్లు. ఇటీవల నచ్చట దాని దర్శనము దుర్లభమైనది. దేశమంతటను 150కి మించి లేవని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2011లో బట్టమేకను, 2021లో నేలనెమలిని అత్యంత ప్రమాదస్థితి నున్న జాతులలో జేర్చెను.

అయినను నిరాశ వలదు. 1900 తరువాత కానరాక, అంతరించెనని తలపబడిన కలివికోడి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద మరల దొరకెను. దాని జాడ పట్టించినవాడు పండితుడు కాడు, ఆ ప్రాంతపు పిట్టల వేటగాడు. ఊరివాని కన్ను అంతటిది.

కావున నా విన్నపమిది: గడ్డి పెరిగిన బీటిని వ్యర్థభూమి యనకుడు. నేలపై గ్రుడ్డు కనబడిన మందను ప్రక్కకు మళ్ళింపుడు, కుక్కను పిలిచికొనుడు, అటవీశాఖవారికి తెలుపుడు. మన మనుమలకు ఈ పేర్లు మాత్రమే గాక, పక్షులును మిగులవలయును గదా!

సెలవు.